ఈగల గదిలో మూడు పనులు

అప్పట్లో నాకు అక్షరాలు రావు. యాభై దాటినంక తార్నాకలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పే చోట నేర్చుకున్నాను. వచ్చాక కూడా ఈ సంగతి రాయబుద్ధి కాలేదు. ఆ రోజుల్లో తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు. క్యాంపస్‌లో ఎటు చూసినా ఎవరిదో ఒకరి ఫొటో, దానికొక దండ. అట్లాంటప్పుడు చచ్చిన ఈగల గురించి ఏమని రాసేది? సిగ్గనిపించేది.

యూనివర్సిటీలో ఒక మేడమ్ ల్యాబ్‌లో నేను సీసాలు కడిగి, ఈగలకు వండేదాన్ని. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలవి. మక్కపిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడడానికి ఇంకేదో పొడి వేసి జావలాగా ఉడికించి సీసాల్లో పోస్తాం. ఈగలు దాన్నే తింటాయి, దాంట్లోనే గుడ్లు పెడతాయి. సీసా పాతబడేలోపు వాటిని కొత్త సీసాలోకి మార్చాలి. గది ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఒకసారి జాతి పోయిందా, పోయినట్టే.

మేడమ్‌ది కోస్తా, ఇల్లు హబ్సిగూడలో. ఆమె ఏనాడూ ఒక్క పనే పెట్టుకోలేదు. ఒకటి కోతకొచ్చి, పేపరు రాసుకునే దశలో ఉండేది. ఒకటి నడుమ నడుస్తుండేది. ఇంకొకటి అప్పుడే మొలక. ఒక పని ముగియకముందే అందులో మిగిలిన ఈగలను కింది అరలో పెట్టించి, "పారేయకమ్మా, వీటిలో ఏదో ఉంది" అనేవారు. అట్లాంటి మొలకలు చాలావరకు ఎండిపోయేవి. ఒకటి నిలబడితే ఎవరైనా స్కాలర్‌కు ఇచ్చేవారు.

అట్లా నిలబడ్డదొకటి మా స్కాలర్ పిల్లవాడికి వచ్చింది. సేద్యం చేసుకునే ఇంటినుంచి వచ్చినవాడు. ఆ ఈగలు వయసు మీదపడకముందే వణికేవి. ఎందుకు వణుకుతున్నాయో కనుక్కోవడమే అతని పీహెచ్‌డీ. ఏళ్ల తరబడి వాటినే పెంచాడు. ఇంకెక్కడా దొరకవవి.

ఉద్యమం ముదిరాక అతను పొద్దున రోడ్డు మీద, మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండేవాడు. టియర్ గ్యాస్‌కు ఎర్రబడ్డ కళ్లతో వచ్చి నా గిన్నెలోకి తొంగిచూసేవాడు.

"మా మెస్సు కన్న నీ ఈగలకే మంచి తిండి పెడ్తవక్కా. నాకో సీసా పొయ్యరాదు?"

"పోస్త తియ్యి. దాంట్లనే గుడ్లు పెడ్తవా మరి?"

నవ్వేవాడు. మేడమ్ నవ్వేవారు కాదు.

"నువ్వు రోడ్డు మీద కూర్చుంటే ఈగల్ని ఎవరు చూస్తారు?" అన్నారు ఒకనాడు.

"రోడ్డు మీద కూసోకపోతే మమ్మల్ని ఎవరు చూస్తరు మేడమ్?" అన్నాడు.

తర్వాత బందులు, వాటితోపాటు కరెంటు కోతలు. ఏసీ ఆగిపోయి గది ఉడికిపోతున్నది. బ్యాటరీ మీద నడిచే చల్లటి పెట్టె ఒక్కటే ఉంది, అదీ చిన్నది. పేపరు రాసే పనికి ఇక ఈగలు అక్కర్లేదు. కింది అరలో మొలకలు అప్పటికే ఎండిపోయాయి. నడుమ పనివి, ఈ పిల్లవాడివి, రెండు జాతులు మిగిలాయి. పెట్టెలో ఒకదానికే చోటు. మేడమ్ పోలీసులకు కార్డు చూపించి లోపలికొచ్చి, చాలాసేపు పెట్టె ముందు నిలబడ్డారు.

"నడుమ పని మీద ఇద్దరు పిల్లల పీహెచ్‌డీలు ఆధారపడి ఉన్నాయి. అవే పెట్టమ్మా," అన్నారు నాతో. అతని వైపు చూడలేదు.

నేను అవే పెట్టాను. అతను గోనెసంచులు వెతుక్కొచ్చాడు. ఇద్దరం అతని సీసాల చుట్టూ వాటిని చుట్టి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లినాం. అతను ఊరేగింపుకు కూడా పోలేదు. వేడికి సీసాల్లో జావ చెమర్చింది, తర్వాత జారిపోయింది. ఈగలు దాంట్లో పడి రెక్కలు అంటుకుపోయి కొట్టుకున్నాయి. సీసా మూతికి కుక్కిన దూది తీసి, కుంచెతో ఒక్కొక్కదాన్నే లేపి చూశాడు. గుడ్లు పెట్టేది ఒక్కటీ మిగలలేదు.

కరెంటు వచ్చాక మేడమ్ పెట్టెలో బతికిన ఈగలు కొన్నిటిని కింది అరలోకి మార్పించి, అతనికి చూపించారు.

"అందులో కొత్తదొకటి మొదలైంది. అది నీకిస్తాను."

"మల్ల మొదటి సందినా మేడమ్?"

"అందరం మొదటి నుంచే మొదలుపెడతాం నాయనా."

"మీరు మొదలువెట్టేటప్పుడు చేతిల ఇంకో రెండుంటయి. నాకు గిదొక్కటే ఉండె."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆమె చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఒప్పని కూడా అనలేను. అతను కుంచె కడిగి, డబ్బాలో నిలబెట్టి, "పోతున్నక్కా" అన్నాడు. ప్రాణం తీసుకుంటాడేమోనని భయపడి హాస్టల్ దాకా అతని వెనకే నడిచాను. "గా పని చెయ్యనక్కా, ఇంటికి పోత," అన్నాడు వెనక్కి తిరిగి. అన్నట్టే ఊరికి పోయాడు. మళ్లీ ల్యాబ్ మొహం చూడలేదు.

మర్నాడు పొద్దున నేను పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అతని సీసాలన్నీ అందులో వేశాను. చచ్చిన ఈగలు పైకి తేలితే జల్లెడతో తీసి పారబోశాను. సీసాలను బోర్లించి ఆరబెట్టాను. మేడమ్ వచ్చి కొత్త పనికి సీసాలు కావాలన్నారు. కడిగినవి వేరే లేవు. అవే ఇచ్చాను.