చెరగని బొట్టు

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, నా డైరీలో కూడా రాసుకోలేదు. నిన్న బాపట్ల హాస్టల్లో పగిలిన మడమలకి రాసుకుందామని పెట్రోలియం జెల్లీ సీసా మూత తీశాను. తెనాలి ఇంట్లో అమ్మ తగరపు డబ్బా గుర్తొచ్చింది.

అమ్మ జెల్లీలో తేనెమైనం కరిగించి ఆ డబ్బాలో పోసేది. నుదుటికి అది రాసి, పైన కుంకుమ అద్దుకునేది. "ఎంత చెమట పట్టినా చెరగదే" అనేది.

నాకప్పుడు ఏడేళ్లు. మామయ్య పోయాక అత్తయ్య రేపల్లె నుంచి మా ఇంటికి వచ్చేసింది. ఆవిడ బోసి నుదురు చూసి, పాపం వాళ్లింట్లో ఇలాంటి డబ్బా లేదు కాబోలు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే జెల్లీ రాసి, ఇంత పెద్ద కుంకుమ బొట్టు పెట్టాను. ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"ఏం చేశావే?"

"ఇంక చెరగదు అత్తయ్యా!" అని సంబరంగా అద్దం చేతికిచ్చాను.

చూసుకోగానే ఆవిడ మొహం పాలిపోయింది. తుడవబోయిన కొంగు నుదుటి దగ్గరే ఆగిపోయింది. అప్పుడర్థమైంది నాకు. చేయకూడనిదేదో చేశాను. వంటింట్లో నానమ్మ గిన్నెలు సర్దుతోంది. ఆవిడ వచ్చి చూస్తే?

అప్పటి అత్తయ్యది ఇప్పటి నా వయసేనని నిన్ననే తట్టింది.

దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. అత్తయ్య గొంతు మాత్రం గుసగుసలాడింది:

"తలుపు గడియపెట్టి రావే. కాసేపు చూసుకుని తుడిచేస్తాను."