కాన్పు నెలలో ఇంగ్లండు బంగళా

మా కడప వైపు ఆడపిల్లకు తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. తల్లి లేని పిల్లకైతే పిన్నమ్మో మేనత్తో పురుడు పోస్తుంది. నా కూతురికి తల్లి ఉంది. కాకపోతే కువైట్‌లో, మిష్రిఫ్‌లో ఒక పెద్దింట్లో వంట చేస్తూ ఉంది. కూతురు నెల తప్పిందని తెలిసిన వారంలోనే మామాను సెలవు అడిగాను. మామా అంటే మా యజమానురాలు. వయసులో నాకన్నా చిన్నదే అయినా ఇక్కడ పనివాళ్ళందరం అట్లాగే పిలవాలి. "జైన్, పోదువులే" అంది. జైన్ అంటే అరబ్బీలో సరే అని. ఆ మాట పట్టుకుని ఎండాకాలం దాకా ఒంటి మీద కష్టం తెలియకుండా చాకిరీ చేశాను.

ఎండలు ముదురుతుండగా ఒకరోజు డ్రైవరు నన్ను ఏదో ఆఫీసుకు తీసుకెళ్ళాడు. వేలిముద్రలు వేయించుకున్నారు, ఫోటో తీశారు. ఎప్పుడూ మామా బీరువాలో ఉండే నా పాస్‌పోర్టు ఆ రోజు డ్రైవరు చేతిలో ఉంది. ఇంకేముంది, సెలవు కాయితాలే అనుకున్నాను. దేనికని అడగాలన్న బుద్ధి పుడితే కదా. ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టడం మాకు అలవాటైపోయింది. ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాను. అది సంబరపడి వాళ్ళ అత్తకు కూడా చెప్పింది, మా అమ్మ వస్తాంది, నేను మా ఇంటికి పోతాను అని. నేను బాలింత నడుముకు కట్టడానికి మెత్తని గుడ్డలు కూడా కొని పెట్టెలో పెట్టుకున్నాను.

ఆ కాయితాలు ఇంగ్లండుకట. మామా, ఆమె భర్త, ముగ్గురు పిల్లలు వేసవంతా అక్కడ గడుపుతారట. వండిపెట్టడానికి, చిన్నోణ్ణి ఎత్తుకోవడానికి నేను కావాలట. కూతురి కాన్పు సంగతి గుర్తు చేస్తే మామా నవ్వింది. "ఎంతమంది పనోళ్ళు లండన్ చూశారు చెప్పు? నీ సెలవు ఇదే. ఖలాస్" అంది.

మూడో రోజు కూతురికి ఫోన్ చేసి చెప్పాను.

"వస్తానంటివి కదా మా" అంది.

"నేనేం చేసేది అమ్మీ. మామా ఒప్పుకోలా."

"నువ్వు గట్టిగా అడిగుండవు."

ఫోన్ పెట్టేసి ఉల్లిపాయలు కోసుకుంటూ కూర్చున్నాను.

ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఒకరోజు అందరం దగ్గరలో ఉన్న జమీందారీ బంగళా చూడ్డానికి బయలుదేరాం. బంగళా అంటే బంగళా కాదు, మా ఊరి ఇళ్ళన్నీ తెచ్చి పెట్టినా ఇంకా చోటు మిగిలేట్టుంది. చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక. చిన్నోడి తోపుడు బండిని తివాచీల మీదికి రానివ్వం అన్నారు గనక మామా వాళ్ళు పెద్ద గదులు చూడ్డానికి పోయారు. నేను చిన్నోణ్ణి తోసుకుంటూ వెనక వైపు వంటింట్లోకి పోయాను. గోడ నిండా రాగి గిన్నెలు తళతళలాడుతున్నాయి. వాటిని తోమిన చేతులెవరివో అనుకున్నాను.

వంటింటి పక్కనే ఒకప్పటి పనిపిల్ల పడుకున్న గది. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. ఇనప మంచం, రేకు పెట్టె, మేకుకు తగిలించిన బట్ట, చెట్ల వైపు కిటికీ. కిటికీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. మిష్రిఫ్‌లో నా గదికి కిటికీ లేదు, పైన ఏసీ మిషన్ల మోత ఒకటి. అక్కడ నిలబడి వివరించే ముసలామె, ఆ పిల్లకు ఏడాదికి ఒక్కసారే తల్లి దగ్గరికి పోయే సెలవుండేదని చెప్పింది. వింటున్న వాళ్ళలో ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుని "అయ్యో పాపం" అన్నట్టు ఏదో అంది. పిల్లల నోట ఇంగ్లీషు వినీ వినీ నాకు ఆ మాత్రం అర్థమవుతుంది. ఎప్పుడో చచ్చిపోయిన పిల్లకు పాపమట! పక్కన పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ నన్ను మాత్రం కొంచెం జరగమంది, మంచం ఫోటో తీసుకోవాలని.

మధ్యాహ్నం అక్కడికి దగ్గర్లోనే కూలిపోయిన పాత చర్చి ఒకటుంటే చూడ్డానికి పోయాం. కప్పు లేదు, గోడలే మిగిలాయి. అందరూ ఆ రాళ్ళ మధ్య తిరుగుతుంటే నా ఫోన్ మోగింది. అల్లుడు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు అన్నాడు. "ఎవరున్నారు దగ్గర" అని అడిగాను. "మా అమ్మ ఉంది కదత్తా" అన్నాడు. నిజమే, ఉంది. ఆ రాళ్ళ మీదే కూలబడి ఏడ్చాను.

మామా పరుగున వచ్చింది. సంగతి చెబితే "మబ్రూక్, మబ్రూక్" అని నా బుగ్గలు రెండూ ముద్దు పెట్టుకుంది. ఆమె కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు దొంగవి కావు, అదే నాకు ఇంకా కోపం. తన కోటు తీసి నాకు తొడిగి, మొహం తుడుచుకోమని, చర్చి గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసింది. "నవ్వు, నీ బిడ్డ చూసి సంతోషపడుతుంది" అంది. నవ్వాను. నా మొహం, నవ్వక ఏం చేస్తాను. ఆమే నా కూతురికి పంపింది.

కూతురి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "బాగుండావు మా. తిరిగిరా."

తిరిగి ఇంటికి రమ్మందో, ఊళ్ళు తిరిగి రమ్మందో అడగలేదు. కువైట్ వచ్చాక కూడా ఫోన్లో అది ఎక్కువ మాట్లాడలేదు. కొన్నదీ పెట్టిందీ చెప్పి, పిల్ల ఏడుస్తాంది అని పెట్టేసేది. మామా మళ్ళీ సెలవిచ్చేసరికి మనవరాలికి మాటలు వచ్చేశాయి. నేను అల్లుడి ఇంట్లో అడుగు పెట్టగానే పిల్ల పరుగెత్తి వాళ్ళ నాయనమ్మ కొంగు చాటుకు పోయి, "అవ్వా, ఎవరు?" అంది.

నా కూతురు వంటింట్లోంచి తొంగి చూసింది. కోపంగా ఏమీ లేదు. ఆ ఫోటో చూపించి పిల్లకు ఎప్పుడూ చెప్పే పేరే కాబోలు, మళ్ళీ చెప్పింది.

"మీ లండనవ్వ. ఊరికే చూసి పోను వచ్చింది."