కరుణ గారు కొన్న మిషను

2023 వేసవి. అనకాపల్లిలోని నా అకౌంట్స్ ఆఫీసుకి కరుణ గారు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొటేషను పట్టుకుని వచ్చారు. ఆవిడది మగ్గం వర్కు షాపు. పెళ్లి జాకెట్లకి పేరు తెచ్చుకున్నారు. ఆవిడ దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. మిషను అమ్మేవాడు రెండేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుందన్నాడట. ఇలాంటి లెక్కలంటే నాకు ఒళ్లు మంట. వాళ్ల సంవత్సరంలో ఆషాఢమూ ఉండదు, మూఢమూ ఉండదు.

మేం చూసేది నెట్ ప్రెజెంట్ వాల్యూ. రాబోయే ఏళ్లలో మిషను తెచ్చే డబ్బు ఇవాళ్టి విలువలో ఎంతో కట్టి, అందులోంచి ఇవాళ పెట్టే ఖర్చు తీసేస్తాం. ఐదేళ్ల తర్వాత వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయంత చెయ్యదు కదా. ఏటా ఎంత తగ్గించాలో చెప్పేది డిస్కౌంట్ రేటు. ఆవిడకి బ్యాంకు వేసే వడ్డీనే అందుకు తీసుకున్నాను. మిగులు తేలితే కొనొచ్చు, తరుగొస్తే వద్దు.

ముహూర్తాలు లేని నెలలు పక్కనపెట్టి లెక్క వేస్తే తరుగొచ్చింది. నలుగురినీ మానిపించి వాళ్ల జీతాలు మిగిలాయనుకుని చూస్తే మిగులు తేలింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ కొటేషను మడిచి పక్కన పెట్టారు. "ఆళ్ళని మానిపించేత్తేనే లాభమొత్తదంటే ఆ మిసను నాకొద్దు సార్. అలాగని కొనకపోతే ఆర్డర్లన్నీ మిసనున్నోళ్ళకి పోతన్నాయి. అప్పుడు మాత్రం ఆళ్ళకి పనేటిత్తాను?" అన్నారు.

కొన్నాళ్లకి మళ్లీ వచ్చారు. ఆ ఎండల్లో సబ్బవరం దాకా టైలరు షాపులన్నీ తిరిగారట. మిషను దారం పని చేసిపెడుతుంది గానీ, పూసలూ రాళ్లూ చేత్తోనే కుట్టాలి. ఆ రెండూ కలిపి తన షాపులోనే చేసిస్తానని చెప్పి, ఆర్డర్లు తనకే ఇచ్చేలా టైలర్లని ఒప్పించుకొచ్చారు. కొందరు అడ్వాన్సు కూడా ఇచ్చారు. నలుగురి జీతాలూ ఉంచి మళ్లీ లెక్క వేశాను. నోటిమాట ఆర్డర్లలో సగం కోసేశాను. అయినా మిగులు తేలింది, చాలా చిన్నది.

"సిన్నదైతే ఏటి సార్, అందరం ఉన్నాం కదా" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

తరుగొస్తే నన్ను తిట్టుకుంటూ వెళ్లినవాళ్లున్నారు. బ్యాంకు కోసం అంకెలు కాస్త పెంచమని బతిమాలినవాళ్లున్నారు. లెక్క మార్చమనకుండా వ్యాపారాన్నే మార్చుకొచ్చిన మనిషిని మాత్రం ఆవిడనే చూశాను. మిషను వచ్చింది, నలుగురూ ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారు. కొనాలో వద్దో లెక్క చెబుతుంది. ఎవరిని వదులుకోకూడదో లెక్కకి తెలియదు. అందుకే ఇప్పుడు మిషను కొంటానని ఎవరొచ్చినా, ధర అడిగే ముందు వాళ్ల దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు అడుగుతాను.