కుంకుడురసంతో కడిగిన గేదె

“సూడి గేదే ఇది! సర్మం సూడే, ఎలా నిగనిగలాడతన్నాదో!”

“ఆముదం పూస్తే నా సేట కూడా నిగనిగలాడతాది. సంతలో నీకు గేదెనమ్మినారా, జిడ్డమ్మినారా?”

“ఓసే, పుట్టినకాడినుంచి పశువుల్ని సూస్తన్నాను!”

“అందుకే గావాల, కళ్లు అరిగిపోనాయి.”

పాతపట్నం సంత నుంచి మా ఆయన తోలుకొచ్చిన గేదె వాకిట్లో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. అరవైల చివర్లో మాట. కోడలికి నెలలు నిండుతున్నాయి, ఇంట్లో పాడి లేదు. గేదె చూడిదైతే, కోడలి పురుడయ్యేసరికి అదీ ఈని పాలుంటాయి. కాకపోతే గడ్డి దండగ. చూడి గేదెకి చర్మం నునుపెక్కుతుందని మా వైపు ఊళ్లలో అది చూసే కొంటారు. అది తెలిసే అమ్మేవాళ్లు ఆముదంలో మసి కలిపి పూస్తారు.

సైకిలు మీద పోతున్న పశువుల కాంపౌండరుని మా ఆయన ఆపారు. చెయ్యి పెట్టి చూడాలంటే డాక్టరు రావాలట. ఇతని దగ్గర మాటలే ఉన్నాయి.

“ఒంట్లో హార్మోన్లని ఊటలుంటాయి మావా. అవి రగతంలో కలిసి సర్మానికి సేరితే అక్కడి జిగురు పెరుగుతాది. ఆ జిగురు నీటిని ఇడవదు. గిల్లి ఒదిలితే సర్మం టక్కున సర్దుకుంటాది.”

మా ఆయన గేదె మెడ గిల్లారు. టక్కున సర్దుకుంది. కోడలు చెయ్యి చాపితే నేను గిల్లాను. అదీ అంతే. తర్వాత ఆయన నా చెయ్యి గిల్లారు. మడత పాక కప్పులా అలాగే నిలబడింది.

“ఇది మాత్రం సూడిది కాదు,” అన్నారు.

“ముట్లుడిగితే ఆ ఊట తగ్గిపోతాది మావా. అత్త తప్పేటున్నాది?” అన్నాడు కాంపౌండరు.

కుంకుడుకాయలు కొట్టి, నా తలకి ఏనాడూ వాడనంత రసం తీసి గేదెను తోమాను. వాకిలంతా నల్లనీళ్లు పారాయి. మెరుపు పోయింది. గిల్లితే మాత్రం చర్మం మళ్లీ టక్కున సర్దుకుంది.

“ఆముదం కడిగినావు. ఊటని కడగ్గలవేటే?” అన్నారు మా ఆయన.

మర్నాడు పొద్దున్నే గేదె వీధి అదిరిపోయేలా అరిచింది. ఎదకొచ్చింది. చూడి కట్టినది ఎదకి రాదు కదా. ఆ అరుపుకి, అటే పోతున్న కాంపౌండరు సైకిలు దిగాడు.

“ఎదకీ హార్మోనే అత్తా. అదీ నీరు పట్టి ఉంచుతాది. నాను సెప్పింది తప్పు గాదు, ఊటే వేరు.”

మా ఆయన తలెత్తకుండా గేదెను దున్నపోతు దగ్గరికి తోలుకుపోయారు. నేను పొరుగింటావిడ దగ్గరికి వెళ్లి, మా పేడంతా ఇస్తాను, పురిటికి పాలు పొయ్యమని ఒప్పించాను. వచ్చి, గిన్నెలు తోముకోవడానికి కుంకుడు పిప్పి ఎండబెట్టాను.