ఆరు గంటల నలభై నిమిషాలు

మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సర్వేయర్ యాదలక్ష్మి కోపం గురించి తెలియనివాళ్లు లేరు. ఆమె ఎవరినీ తిట్టదు, గొంతు కూడా పెంచదు. ముక్కుపుటాలు అదురుతాయి, మాట కురచ అవుతుంది. ఆ కురచ మాటకే ఎదుటివాళ్లకు చెమటలు పట్టేవి.

ఆమె తండ్రి మైసయ్య గొర్లు మేపిన నేలే ఇప్పుడు సున్నపురాయి క్వారీ. మెట్లు మెట్లుగా దిగిపోయిన పెద్ద గొయ్యి. నల్లగొండలో పాలిటెక్నిక్ చదివి వచ్చి, పద్నాలుగేళ్లుగా ఆ గొయ్యినే కొలుస్తోందామె. మొదట్లో ముక్కాలి పీట మీద యంత్రం నిలబెట్టి, ఎండలో గొడుగు పట్టుకుని కొలిచేది. తర్వాత కంపెనీ డ్రోన్ కొన్నది. అది పైన తిరిగి నాలుగు వందల పైచిలుకు ఫొటోలు తీస్తుంది. వాటన్నిటినీ ల్యాప్‌టాప్ ఒక్క పటంగా కుడుతుంది. కిందటి నెల పటం మీద ఈ నెల పటం పెట్టి చూస్తే ఎంత రాయి తీశారో తెలుస్తుంది. గొయ్యి చుట్టూ నిలిచిన రాతి గోడ ఏదైనా జరిగి ఉంటే ఆ చోటు ఎర్రగా కనిపిస్తుంది.

చిక్కంతా ఆ కుట్టే పనిలో ఉంది. ఆమె దగ్గరున్నది ఐదేళ్ల నాటి ల్యాప్‌టాప్. ఒక్క పటానికి ముప్ఫై ఒక్క గంట తీసుకునేది. అది వేడెక్కకుండా రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టి, టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి, తాను మాత్రం చెమటలో కూర్చునేది యాదలక్ష్మి. పని నడుస్తున్నంత సేపూ మరో ఫైలు తెరవడానికి లేదు. తెరిస్తే మొత్తం ఆగిపోయేది.

అందుకే ఏప్రిల్‌లో హెడ్డాఫీసు నుంచి ఉత్తరం రాగానే ఆమె ముఖం వెలిగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌లు మారుస్తున్నారట. రెండు రకాలున్నాయి, ఎవరి పనికి ఏది కావాలో కారణంతో సహా ఫారంలో రాయండి అన్నారు. ఒకటి సన్నది, చేతి సంచిలో పట్టేది. రెండోది లావుది, ఇటుకంత బరువు. కాగితం మీద చూస్తే సన్నదాని వేగమే ఎక్కువ. నాలుగు పాయింట్ ఏడు గిగాహెర్ట్జ్ అని రాసి ఉంది. లావుదానికి నాలుగు పాయింట్ నాలుగే.

"సన్నదే రాస్త," అన్నది ఆమె, కంప్యూటర్ల విభాగంలో పనిచేసే గోపీకృష్ణతో. అతను షాద్‌నగర్ నుంచి వచ్చినవాడు. నిమ్మళంగా మాట్లాడతాడు.

"ఆగక్కా. గా నాలుగు పాయింట్ ఏడనేది ఉరికే వేగం. ఓ పది నిమిషాలు ఉరుకుతది. వేడెక్కినంక నడుస్తది. గంత సన్నగుంటే గాలి పోనీకి జాగా ఏడుంటది?"

"మరి లావుదో?"

"గది గంత ఉరుకది గని, ఆగది. పెద్ద ఫ్యాన్లున్నయి. ఇంగ దాంట్ల కోర్లు ఎక్కువ. కోరంటే పనోడనుకో. సన్నదాంట్ల నలుగురు గట్టి పనోళ్లు, లావుదాంట్ల పద్నాలుగు మంది. నీ ఫొటోల పని పంచుకుంటే అయితది గద, మందెక్కువుంటేనే నీకు లాభం."

"నోటిమాట నాకొద్దు. చూపియ్యి."

గోపీకృష్ణ నవ్వి, ల్యాప్‌టాప్‌లు అమ్మే కంపెనీకి చెప్పి, రెండు రకాలవీ చూసుకోవడానికి ఒక్కొక్కటి తెప్పించాడు. అవే నాలుగు వందల పన్నెండు ఫొటోలను రెండింటికీ ఇచ్చింది యాదలక్ష్మి. సన్నది మొదట్లో ఝామ్మని పోయింది. పదకొండో నిమిషానికి దాని వేగం రెండు గిగాహెర్ట్జ్ కిందికి పడిపోయింది, మళ్లీ లేవలేదు. ఇరవై రెండు గంటలు పట్టింది. లావుది హోరుమని ఫ్యాన్లు తిప్పుతూ, ఒకే తీరుగా లాగి, ఆరు గంటల నలభై నిమిషాల్లో పటం చేతిలో పెట్టింది. ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, గోపీకృష్ణ చేత సంతకం పెట్టించి, ఫారానికి జతచేసింది. లావుదే కావాలని రాసింది.

ఆ తర్వాత మూడు నెలలు ఎదురుచూసింది. ఇంట్లో అమ్మ నర్సింగమ్మకు కూడా ఆ సంగతే చెప్పేది. "గది వస్తే నెలకొక్కసారి కాదమ్మా, వారం వారం గోడలు చూస్త. వానలల్ల అయితే రోజూ చూస్త."

జూలైలో పెట్టెలు వచ్చాయి. యాదలక్ష్మి పేరున్న పెట్టె పలచగా ఉంది. విప్పకముందే ఆమెకు అర్థమైంది. గోపీకృష్ణ తల వంచుకుని నిలబడ్డాడు.

"గ్రేడు లెక్కన పంపిన్రక్కా. ఫారంలు ఎవ్వరు చదవలె."

మైన్స్ విభాగానికి వచ్చిన లావు ల్యాప్‌టాప్ ఒక్కటే. అది మైన్స్ మేనేజర్ కృష్ణకాంత్ బల్ల మీద ఉంది. ఆయన దాంట్లో మెయిళ్లు చూస్తాడు, పొద్దున వీడియో మీటింగులో కూర్చుంటాడు. యాదలక్ష్మి తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది.

"సార్, ఫారంల కారణం రాయమన్నరు. రాసిన. మీరేం కారణం రాసిన్రు?"

"ఇది పాలసీ అండీ, నేను పెట్టింది కాదు," అన్నాడాయన. "నాది మేనేజర్ గ్రేడు. వాళ్లు ఇది పంపారు. మీకూ కొత్తదే వచ్చింది కదా, పాతదానికంటే నయమే కదా?"

"నయమే. కాల్లు ఇరిగినోనికి కట్టె ఇచ్చినట్టు నయం."

ఆయన నవ్వి ఫోను అందుకున్నాడు. ఆమె బయటికి వచ్చింది. తన పద్నాలుగేళ్ల పనిని, మూడు రోజులు కూర్చుని రాసిన అంకెలను ఒక్కరూ తెరిచి చూడలేదన్న సంగతి ఆమెను ముల్లులా గుచ్చింది.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. మంగళవారం పొద్దున తెరిపి ఇవ్వగానే యాదలక్ష్మి డ్రోన్ ఎగరేసింది. ఫొటోలు చూస్తుంటే తూర్పు గోడ అంచున వెంట్రుకలాంటి గీత కనిపించింది. పైకి నడిచి వెళ్లి చూసింది. ఆ పగులులో వేలు దూరుతోంది. గోడ కింద రాయి తవ్వే పొక్లెయిన్ నడుస్తోంది. ఆపరేటర్ హనుమంతు ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ఆమె కూడా చెయ్యి ఊపి, గబగబా ఆఫీసుకు వచ్చింది.

"సార్, తూర్పు గోడ పగిలింది. కింద పని ఆపుండ్రి."

"ఎంత జరిగింది?" అన్నాడు కృష్ణకాంత్.

"పటం రావాలె సార్. కొత్త పగులే, నా కండ్లతోని చూసిన."

"పగుళ్లు వానాకాలంలో ఉంటూనే ఉంటాయి. రిపోర్టు లేకుండా ఒక షిఫ్టు ఆపితే పైవాళ్లకు నేనేం చెప్పాలి? అంకెలు తీసుకురండి, ఆపుదాం."

"అయితే మీ ల్యాప్‌టాప్ ఇయ్యుండ్రి. సాయంత్రం లోపట అంకెలిస్త."

"మధ్యాహ్నం మీటింగుందండీ. నా ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి."

ఆమె సన్నదాంట్లోనే పని మొదలుపెట్టింది. బుధవారం పొద్దున వచ్చి చూస్తే అది వేడికి దానంతట అదే ఆరిపోయి ఉంది. పటం సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆయన దగ్గరికి పోయింది. "రిపోర్టు వచ్చాక చూద్దాం" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ మధ్యాహ్నం మూడింటికి తూర్పు గోడ జారింది. ఆఫీసు కిటికీలు గలగలలాడాయి. యాదలక్ష్మి ఉరికి పోయేసరికి దుమ్ములో పొక్లెయిన్ చెయ్యి ఒక్కటే పైకి కనిపిస్తోంది. హనుమంతును బయటికి తీయడానికి గంటన్నర పట్టింది. ప్రాణం ఉంది. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. దవాఖానలో ఆ రాత్రే కాలు తీసేశారు.

తొమ్మిదో రోజున విచారణ జరిగింది. ఫ్యాక్టరీ పెద్ద, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు, కృష్ణకాంత్ కూర్చున్నారు. యాదలక్ష్మిని పిలిచి, టైపు చేసిన కాగితం ముందు పెట్టి సంతకం పెట్టమన్నారు. మూడో పేరాలో ఒక వాక్యం ఉంది. సర్వే విభాగం నుంచి నివేదిక సకాలంలో అందలేదు.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి. కలం మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఇది నేను చెయ్య."

"ఎందుకని?" అన్నాడు ఫ్యాక్టరీ పెద్ద. "నివేదిక అందలేదన్నది నిజమే కదా అమ్మా?"

"నిజమే సార్. ఎందుకు అందలేదో చూపిస్త. కృష్ణకాంత్ సారు ల్యాప్‌టాప్ గీ బల్ల మీద పెట్టుండ్రి."

కృష్ణకాంత్ ఏదో అనబోయాడు. ఫ్యాక్టరీ పెద్ద చేత్తో ఆపి, ల్యాప్‌టాప్ తెప్పించాడు. గోపీకృష్ణ వచ్చి ఫొటోలు కుట్టే ప్రోగ్రాము అందులో ఎక్కించాడు. యాదలక్ష్మి మంగళవారం తీసిన ఫొటోలనే దానికి ఇచ్చింది. గోడ గడియారం పది చూపిస్తోంది.

"ఎంతసేపు పడుతుంది?" అడిగాడు హెడ్డాఫీసు అధికారి.

"ఏప్రిల్‌లనే రాసి పంపిన సార్. మీ ఆఫీసులనే ఉంటది గా కాగితం. ఆరు గంటల నలభై నిమిషాలు. కూసోండ్రి."

"మాకు వేరే పనులున్నాయమ్మా."

"హనుమంతు గంటన్నర రాళ్ల కింద ఉన్నడు సార్. మీరు కుర్చీల కూసునుడే."

వాళ్లు కూర్చున్నారు. మధ్యలో లేచారు, ఫోన్లు మాట్లాడారు, భోజనానికి వెళ్లి వచ్చారు. ఆమె మాత్రం కదల్లేదు. ఫ్యాన్ల హోరు గదంతా నిండింది. ఇదే హోరు కోసం మూడు నెలలు ఆశపడి ఎదురుచూసింది తాను. ఇప్పుడు వింటుంటే పళ్లు కొరుక్కోవాలనిపించింది. నాలుగున్నర దాటాక పటం తెర మీద పరుచుకుంది. కిందటి నెల పటం దాని మీద పెట్టింది. తూర్పు గోడ పొడవునా ఎర్రగా పట్టీ లేచింది. పద్నాలుగు సెంటీమీటర్లు జరిగింది.

"మంగళారం పదింటికి మొదలువెట్టిన. సారు ఇది ఇచ్చి ఉంటే, గదే దినం ఇప్పటికి మీ అంకె మీ చేతిల ఉండేది," అన్నది ఆమె. "గోడ జారింది మర్నాడు పగటిపూట మూడింటికి. రాసుకోండ్రి."

కృష్ణకాంత్ తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. హెడ్డాఫీసు అధికారి ఆ మూడో పేరాను కలంతో కొట్టేశాడు.

ఆ నెలాఖరుకు కృష్ణకాంత్‌ను మరో ఫ్యాక్టరీకి పంపారు, అదే హోదాలో. లావు ల్యాప్‌టాప్ మైన్స్ ఆఫీసు పేర ఉండిపోయింది. గోపీకృష్ణ దాన్ని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "గెలిచినవక్కా" అన్నాడు. గెలుపు మాట ఆమెకు రుచించలేదు. ఒక కాలు పోయాక చదివిన ఫారం అది.

హనుమంతును చూడటానికి పండ్లు తీసుకుని వాళ్లింటికి పోయింది. అతను మంచం మీద వెల్లకిలా పడుకుని, "మంచిగున్న అక్కా" అన్నాడు. అతని భార్య స్వరూప నీళ్లిచ్చి, ఎదురుగా నిలబడింది.

"నువ్వు ముందే చూసినవంట గదక్కా. సార్‌కు చెప్పినవంట. ఊరంత అంటున్నరు."

"చెప్పిన. వినలేదు."

"సార్‌కు చెప్పినవు. మా ఆయనకెందుకు చెప్పలె? గా గోడ కిందనే ఉండె. నీకు చెయ్యి ఊపిండంట."

యాదలక్ష్మి రెండు రోజులు మేనేజర్ గదికి తిరిగింది, ల్యాప్‌టాప్ అడిగింది, అంకెల కోసం కొట్లాడింది. క్వారీలోకి దిగి, "హనుమంతూ, బండి వెనక్కి తియ్యి" అన్న ఒక్క మాట మాత్రం ఆమెకు తోచలేదు. పని ఆపడం తన అధికారంలో లేదని, అడగవలసిన వాళ్లను అడిగానని అనుకుంది. గ్లాసులో నీళ్లు తాగకుండానే కింద పెట్టి లేచింది. ఇంటిదాకా నడుస్తూ తనను తాను తిట్టుకుంది. ఆ తిట్లు ఇంతకుముందు ఎవరినీ తిట్టినవి కావు.

హనుమంతుకు ఆరు నెలల తర్వాత లారీలు తూచే కాటా దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు. అతను కనబడితే మాట్లాడతాడు. స్వరూప మాట్లాడదు. యాదలక్ష్మి అది సబబే అనుకుంటుంది.

ఇప్పుడామె వానాకాలంలో పొద్దున్నే సున్నం బకెట్టు పట్టుకుని క్వారీలోకి దిగుతుంది. పైన పగులు కనబడితే కింద తెల్లగీత గీసి, రాయి మోసే డంపర్ల ముందు నిలబడి, "గీ గీత దాటి ఒక్కడు పోవద్దు. ముందు బండ్లు ఎనకకు తియ్యుండ్రి, రిపోర్టు తర్వాత వస్తది" అంటుంది. కిందటేడు అలా మూడుసార్లు పని ఆగింది. మూడుసార్లూ గోడ జారలేదు. డ్రైవర్లు గొణిగారు. సర్వేయర్‌కు పని ఆపే అధికారం లేదంటూ కొత్త మేనేజర్ మెమో ఇచ్చాడు, తర్వాత ఇంకొకటి ఇచ్చాడు. రెండింటికీ ఆమె ఒకే జవాబు రాసింది: "పగులు చూసిన రోజున మళ్లీ ఆపుతాను." మూడోసారి ఆపినప్పుడు వచ్చిన మెమో ఇంకా ఆమె సొరుగులోనే ఉంది. దానికి జవాబు రాయలేదు. అది వచ్చిన రోజు కూడా వాన పడుతుంటే, ఆమె సున్నం బకెట్టు పట్టుకుని క్వారీలోకి దిగింది.