సభ ముందుకు వెళ్లబోయిన పాత ధర

రోజూ పొద్దున హఫీజ్‌పేటలో రైలెక్కి, నాంపల్లిలో దిగి, ఆఫీసుకు నడిచి వెళ్లేదాన్ని. డెబ్బయ్యో దశకం మొదటి రోజులవి. నిత్యావసర సరుకుల ధరలు చూసే ఒక ప్రభుత్వ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఆరు నెలలైంది. మా సెక్షన్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా తెలంగాణ యాసకు నవ్వేవాళ్లు. అందుకని ఎక్కువగా మాట్లాడేదాన్ని కాదు.

ప్రభుత్వం ధర నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇస్తే, దాని ప్రతిని అసెంబ్లీ ముందు ఉంచాలి. ఆలస్యమైతే కారణం చెప్పే ప్రకటన కూడా జతచేయాలి. ఒకరోజు కిరోసిన్ ధర ఉత్తర్వును సభ ముందు ఉంచడానికి అసెంబ్లీకి పంపారు. కార్యాలయ ప్రతిని రిజిస్టరులో ఎక్కిస్తూ ధర దగ్గర ఆగిపోయాను.

ముందురోజే మా అమ్మ కిరోసిన్ దుకాణం నుంచి విసుక్కుంటూ వచ్చింది. "గ్యాసునూనె మల్ల పిరమైందే. ఏందని అడిగితె గోడకంటించిన సర్కారు కాయిదం సూపిస్తుండు" అంది. కొత్త ధర ఎంతో కూడా చెప్పింది. నా ముందున్న కాగితంలో పాత ధరే ఉంది.

గెజిట్ల కట్ట విప్పి వెతికాను. ధర మారుస్తూ మూడు వారాల కిందటే ఇచ్చిన సవరణ ఉత్తర్వు దొరికింది. సభకు వెళ్లిన కాగితాల్లో అది లేదు. ఆలస్యానికి ప్రకటనా లేదు.

మా సూపరింటెండెంటుది గోదావరి జిల్లా. గెజిట్ తీసుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"సంతకాలైపోయిన ఫైలమ్మా అది. కట్ట అసెంబ్లీకి వెళ్లిపోయింది కూడాను. ఇప్పుడు తిరగదోడితే ఎలాగ?" అన్నారు తలెత్తకుండానే.

నేను కదల్లేదు. "సార్, గది పాత ధర సార్. సభల ఎవలన్న లేచి అడిగితె మంత్రిగారు ఏం జెప్తరు?" అన్నాను, గెజిట్ ఆయన ముందు పరిచి.

సెక్షన్ అంతా మా వైపే చూస్తోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు తీసి, "పదమ్మా" అని లేచారు.

రిక్షాలో అసెంబ్లీకి వెళ్లాం. ప్రశ్నోత్తరాల సమయం ఇంకా నడుస్తోంది; కాగితాలు సభ ముందు ఉంచేది అది ముగిశాకే. మంత్రిగారి కార్యదర్శికి గెజిట్ చూపిస్తే ఆయన మారుమాట లేకుండా లోపలికి చీటీ పంపారు. ఆ రోజుకు ఆ కాగితాలు సభ ముందుకు రాకుండా ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, సవరణ ఉత్తర్వుకు ప్రతులు తీసి, ఆలస్యానికి ప్రకటన రాశాం. మొదటి ముసాయిదా నాదే.

రెండు రోజుల తర్వాత సూపరింటెండెంటుగారు నాకు సందర్శకుల గ్యాలరీ పాసు తెప్పించి, తనూ వెంట వచ్చారు. మంత్రిగారు లేవగానే ప్రతిపక్షం వైపు ఒక సభ్యుడు గెజిట్ చేత్తో పట్టుకుని సగం లేచాడు.

"మూల ఉత్తర్వునూ, దానికి చేసిన సవరణనూ, ఆలస్యానికి కారణాలు తెలిపే ప్రకటననూ సభ ముందు ఉంచుతున్నాను" అన్నారు మంత్రిగారు.

ఆ సభ్యుడు చేతిలోని కాగితం వైపు చూసుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది. గ్యాలరీలో చప్పుడు చేయకూడదు కాబట్టి చేతులు ఒళ్లో బిగించుకున్నాను.

మెట్లు దిగుతుంటే సూపరింటెండెంటుగారు అన్నారు: "ఇకమీదట సభకెళ్లే ప్రతి కాగితం నువ్వు చూశాకే కదలాలమ్మా. అందరికీ చెప్పేశాను."

"సూస్త సార్. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాను, నా మాటలోనే, గట్టిగా.