వంతెన అవతలి కొసన తాళంచెవి

నా చిన్నప్పుడు మా వీధి పిల్లలకు నేనంటే ఒకటే కుళ్ళు. వాళ్ళ తాతలు వలలు అల్లేవారు, రిక్షాలు తొక్కేవారు. మా తాతయ్య ఏకంగా వంతెన తిప్పేవాడు. ఆ గొప్పను నేను ఊరికే పోనిచ్చేదాన్నా? నాతో దెబ్బలాడితే వంతెన దాటనివ్వనని అందరినీ బెదిరించేదాన్ని.

విశాఖపట్నం పాతూరులో, హార్బరు నుంచి లోపలి రేవుకు వచ్చే కాలువ మీద ఉండేది ఆ ఇనుప వంతెన. తెల్లదొరల కాలం నాటిది. తెరచాప కొయ్య ఉన్న పడవ దాని కింద పట్టదు. అప్పుడు వంతెన నడుమనున్న పెద్ద చక్రానికి తాళం తీసి, నలుగురు మనుషులు కర్రలు పట్టి గానుగలా తిప్పేవారు. వంతెన మొత్తం పక్కకు తిరిగి పడవకు దారి ఇచ్చేది. ఆ తాళంచెవి మాత్రం మా గట్టున ఉండేది కాదు, అవతలి గట్టున చిన్న గదిలో మేకుకు వేలాడేది. తాతయ్య మా వైపు గేటు మూసి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, అక్కడి గేటూ మూసి, తాళంచెవి పట్టుకుని మళ్ళీ నడుమకు రావాలి. ఏ దొర పెట్టాడో ఈ పిచ్చి పద్ధతి అని నేను విసుక్కునేదాన్ని.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. మధ్యాహ్నం నుంచే తుపాను గాలి మొదలైంది. సాయంత్రానికి నాన్న కళాసిగా పనిచేసే సరుకుల పడవ కాలువలోకి వచ్చేసింది. వంతెన తిరిగితే గానీ లోపలికి రాలేదు, వెనక్కి పోదామంటే గాలి పోనివ్వదు. కెరటం లేచినప్పుడల్లా పడవ రాతిగోడకేసి గుద్దుకుంటోంది. పడవ ముందు భాగంలో నాన్న వెదురుగడతో గోడను నెడుతూ కనిపించాడు.

తాతయ్యకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఆయన కుంటుకుంటూ గేటు మూస్తుంటే నాకు ప్రాణం ఆగలేదు. ఆయన పక్కనుంచి దూరి, వానలో వంతెన మీద పరుగెత్తాను. అవతలి గదిలో స్టూలెక్కి తాళంచెవి అందుకుని, మళ్ళీ అంతే వేగంగా వెనక్కి వచ్చాను. నా కళ్ళు నాన్న పడవ మీదే ఉన్నాయి. తాతయ్య అప్పుడే వంతెన నడుమకు చేరాడు. నలుగురు మనుషులూ కర్రలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

"దారంతా సూసావేటే?" అన్నాడు.

"సూసాను తాతా," అన్నాను. ఏం చూశాను, నా మొహం!

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, తాళంచెవి మొలలో దోపుకుని, అవతలి కొసకు నడక మొదలుపెట్టాడు.

ఇక గట్టు మీది జనం ఊరుకుంటారా? "ముసలాయనా, తాళం సేతికొచ్చీసింది గదా, ఇంకా నడుత్తావేటి!" అని ఒకటే అరుపులు. గేటు దగ్గర అమ్మ గుండెలు బాదుకుంటోంది. "మావా, నీ కొడుకు మావా! నీ కొడుకే మావా!" ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. తాతయ్య వెనక్కి తిరగలేదు. అటూ ఇటూ చూసుకుంటూ, కమ్మీ పట్టుకుని ఒక్కో అడుగే వేశాడు. అంత కోపం నాకు ఎవరి మీదా ఎప్పుడూ రాలేదు. ఈయన మనిషేనా అనుకున్నాను.

కొసన గేటు స్తంభం చాటున ఆయన గభాలున కూలబడ్డాడు. పడిపోయాడనుకుని పరుగెత్తాను.

అక్కడ మా తమ్ముడున్నాడు. నా వెనకే గేటు కింద నుంచి దూరి వచ్చేశాడన్నమాట. వంతెన కొసకూ గట్టుకూ నడుమ ఉన్న సందులో వాడి కాలు మోకాలి దాకా ఇరుక్కుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, గాలి హోరులో ఎవరికీ వినపడలేదు. నేను తాళంచెవితో వాడి పక్కనుంచే పరుగెత్తాను. మూరెడు దూరం లేదు. వంతెన కొంచెం కదిలినా ఆ ఇనుము వాడి కాలిని కత్తిరించేసేది.

కాలు బయటికి లాగేసరికి ఇంకాస్త ఆలస్యమైంది. తాతయ్య వాడిని భుజాన వేసుకుని వస్తుంటే గేటు మీంచి అమ్మ రెండు చేతులూ చాచింది. తాళం తీశారు, వంతెన తిరిగింది, పడవ లోపలికి వచ్చింది. కానీ ఆ ఆలస్యంలో నాన్న గడ విరిగిపోయింది. చేత్తోనే గోడను నెట్టబోతే ఎడమచేతి రెండు వేళ్ళు పడవకూ రాయికీ నడుమ నలిగి తెగిపోయాయి. నాన్న కట్టు కట్టిన చేత్తోనే తమ్ముడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న తాతయ్య దగ్గరకు వెళ్ళి, దారి చూడలేదని ఏడుస్తూ ఒప్పుకున్నాను. ఆయన నా తల నిమిరాడు.

"అబద్దమాడావని గాదే నాను నడిసింది. నువ్వు నిజం సెప్పినా నడిసేవోణ్నే."

ఆ వంతెన తీసేసి చాలా కాలమైంది. నాన్న మూడు వేళ్ళ చేయీ లేదు, తాతయ్యా లేడు. తమ్ముడు మాత్రం రోజూ రెండు కాళ్ళ మీద బీచిలో నడుస్తాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు నావి. అయినా మనవడు ఇంటి ముందు కారు వెనక్కి తీసినప్పుడల్లా కుర్చీలోంచి లేస్తాను. "కెమెరా ఉంది కదా మామ్మా, ఎవరూ లేరు" అంటాడు వాడు. నిజమే చెబుతాడు, నాకూ తెలుసు. కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాకే "ఇప్పుడు తియ్యరా" అంటాను.